రాత్రి హాస్టల్‌లోనే ఉండాలట, ఓరియెంటేషన్‌కి ఏమేం పెట్టుకోవాలి?

బెల్లంపల్లి_చిలుక
హనుమకొండలో బీటెక్ సీటు వచ్చింది. యూనివర్సిటీ నుంచి ఒక్క పేజీ కాగితం పంపారు. 22, 23 తేదీల్లో ఓరియెంటేషన్, 22 రాత్రి కొత్త విద్యార్థులంతా హాస్టల్‌లోనే పడుకోవాలి, తల్లిదండ్రులు సాయంత్రం 5 గంటలకల్లా వెళ్లిపోవాలి అని ఉంది. దాని కింద "అవసరమైన సర్టిఫికెట్లు, పడక సామాను తెచ్చుకోవాలి" అని ఒక్క లైను. ఏ సర్టిఫికెట్లు? పడక అంటే పరుపు కూడానా, దుప్పటి ఒక్కటేనా? మూడు రోజుల నుంచి ఆ కాగితం మీదున్న నంబరుకి చేస్తున్నాను, ఎవరూ ఎత్తట్లేదు.

మా బాపు సింగరేణిలో పనిచేస్తాడు, ఒక్క రోజే సెలవు దొరికింది. మా ఇంట్లో ఇంజనీరింగ్‌కి వెళ్లేది నేనే మొదటిదాన్ని, అడుగుదామంటే చుట్టాల్లో కూడా ఎవరూ లేరు. అమ్మమ్మ వాళ్లింట్లో తప్ప బయట ఒక్క రాత్రి కూడా ఉండలేదు. అమ్మ ఇప్పటికే రెండు సంచులు నింపింది, అందులో ఒకటి మొత్తం తినేవే. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే ఏం పెట్టుకోవాలో, ఏం వద్దో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

హంటర్‌రోడ్_వాసి
ఒక్క రాత్రికి పరుపు మోసుకురావద్దు చెల్లె. మంచం ఉంటుంది. కొన్ని హాస్టళ్లలో మంచం మీద వట్టి చెక్కే ఉంటుంది కాబట్టి కింద పరుచుకోవడానికి ఒక మందపాటి చెద్దరు, కప్పుకోవడానికి ఒక దుప్పటి పెట్టుకో. దిండు గలీబు ఒకటి తెచ్చుకుని అందులో నీ బట్టలే మడిచి పెడితే దిండు అయిపోతుంది. బకెట్ వద్దు, మగ్గు చాలు.

జమ్మికుంట_పత్తి
తాళం! సబ్బు, బ్రష్షు అందరికీ గుర్తుంటాయి, తాళమే మర్చిపోతారు. మధ్యరకం సైజుది కొను. తాళంచెవులు రెండూ ఒకే రింగుకి పెట్టకు. మా రూంలో ఒకమ్మాయి ఆ రింగుని కప్‌బోర్డులో పెట్టి తాళం నొక్కేసింది. రాత్రి పది గంటలకి వాచ్‌మన్ సుత్తె తెచ్చి పగలగొట్టాల్సి వచ్చింది.

ఆ తినే సంచి ఉంది చూడు, దాన్ని సగం చెయ్, పూర్తిగా తీసెయ్యకు. కొత్త రూంలో నలుగురు మొహాలు చూసుకుంటూ కూర్చున్నప్పుడు సకినాల డబ్బా మూత తీస్తే చాలు, ఎవరిదే ఊరు అని మాటలు మొదలవుతాయి. కారప్పొడి మాత్రం సీసాలో కాకుండా స్టీలు డబ్బాలో పెట్టుకో, సీసా బ్యాగులో పగిలితే బట్టలన్నీ పోతాయి.

సిరిసిల్ల_మగ్గం
నాకు కూడా ఇదే కాగితం వచ్చింది, నాది 29న రెండో బ్యాచ్. నంబరు నేను చేసినా ఎత్తలేదు. ఈ చర్చ చూస్తూ ఉంటాను.

ములుగు_మాస్టారు
32 ఏళ్లు ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పాను, ప్రతి ఏడాదీ ఈ సర్టిఫికెట్ల దగ్గరే పిల్లలు ఏడవడం చూశాను. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదువు బిడ్డా.

సీటు అలాట్‌మెంట్ ఆర్డరు, ర్యాంకు కార్డు, హాల్ టికెట్, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆదాయం సర్టిఫికెట్ పాతది నడవదు, మీసేవలో కొత్తది తీయించు, ఇవాళే అప్లై చెయ్యి. ఎందుకంటే అది తహసీల్దార్ ఆఫీసులో సంతకం అయ్యి రావాలి, మనం అనుకున్న రోజు రాదు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఎనిమిది, అన్నీ ఒకే ఫోటో. బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్సు. అన్నిటివీ మూడేసి సెట్ల జిరాక్సులు ఇక్కడే తీయించుకో. క్యాంపస్ పక్కన ఒకే జిరాక్సు షాపు ఉంటుంది, ఆ రోజు దాని ముందు వంద మంది నిలబడి ఉంటారు.

ఇంకో రెండు ఉన్నాయి, అవి చాలామందికి తెలియవు. మొదటిది యాంటీ ర్యాగింగ్ అండర్‌టేకింగ్, అంటే ర్యాగింగ్ చేయనని ఇచ్చే హామీ. యాంటీర్యాగింగ్ డాట్ ఇన్ అనే సైట్‌లో విద్యార్థి, తల్లిదండ్రి వివరాలు నింపాలి, ఈమెయిల్‌కి వచ్చింది ప్రింటు తీసుకోవాలి. రెండోది ఏబీసీ ఐడీ, అంటే చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, డిజిలాకర్‌లో తీసుకోవచ్చు. ఆ రోజు క్యూలో నిలబడి ఫోన్‌లో ఓటీపీ కోసం ఎదురు చూసేకంటే ఇంట్లోనే చేసుకో.

ఏ సర్టిఫికెట్‌కీ లామినేషన్ చేయించవద్దు.

హంటర్‌రోడ్_వాసి
మాస్టారు చెప్పినవన్నీ ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి, దాన్ని మళ్లీ ఒక కవరులో పెట్టు. వానాకాలంలో ఇక్కడ ఎట్లా ఉంటుందో 2023 జులైలో చూశాం, నయీంనగర్, మా హంటర్ రోడ్డు నీళ్లలో మునిగాయి. మా పక్కింటాయన మెమోలన్నీ తడిసి అట్టల్లా అయ్యాయి. గొడుగు బ్యాగు పైన పెట్టుకో, అడుగున వద్దు.

జమ్మికుంట_పత్తి
మాస్టారు, ఒక్క మాట ఒప్పుకోను. ఒరిజినల్స్ అన్నీ పిల్ల చేతికిచ్చి రాత్రి హాస్టల్‌లో పెట్టించడం మంచిది కాదు. మా అన్న చేరిన కాలేజీలో ఒరిజినల్స్ పెట్టుకుని, రెండు నెలలకి వాడు వేరేచోట సీటు వచ్చి మానేస్తానంటే మొత్తం నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమన్నారు. మా నాన్న ఆ కాలేజీ చుట్టూ ఎనిమిది సార్లు తిరిగాడు.

ములుగు_మాస్టారు
నీ బాధ నాకు అర్థమైంది అమ్మా. అట్లాంటివి జరుగుతున్నాయనే యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్స్ చూసి, సరిపోల్చుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర ఉంచుకోకూడదు. టీసీ సంగతి వేరు, అది చేరేచోట ఇవ్వాల్సిందే. అందుకే ఒరిజినల్స్ తీసుకెళ్లాలి, చూపించాలి, సాయంత్రం తండ్రి తిరిగి వెళ్లేటప్పుడు ఆ ఫోల్డరు ఆయనతోనే పంపించాలి. ఏది ఇచ్చినా రసీదు అడగాలి. రసీదు అడగడానికి మొహమాటపడొద్దు.

జమ్మికుంట_పత్తి
బాపుతో ఇంటికి పంపడం, ఇది బాగుంది. దీనికి ఒప్పుకుంటాను.

కాజీపేట_ప్లాట్‌ఫాం
రైల్లో వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బెల్లంపల్లి నుంచి సికింద్రాబాద్ వైపు పోయే బండి ఎక్కి కాజీపేటలో దిగండి. విజయవాడ వైపు పోయే కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు కాజీపేటలో ఆగవు, నేరుగా వరంగల్ స్టేషన్‌లో ఆగుతాయి. మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట దాటాక సామాను సర్దుకోవడం మొదలుపెట్టండి. బయట షేర్ ఆటోలు ఉంటాయి, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వస్తే అమ్మాయికి మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో సున్నా టికెట్. ఆధార్ అసలు కార్డు దగ్గర ఉండాలి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే కండక్టరు ఒప్పుకోకపోవచ్చు.

కరీంనగర్_నాన్న
నా బిడ్డ పోయినేడు ఇట్లాగే ఒక రాత్రి ఓరియెంటేషన్‌కి వెళ్లింది, వేరే యూనివర్సిటీ. నేను చెప్పేది వాళ్ల బాపు కోసం. ఒక్క రోజే సెలవు ఉన్నా సరే, వీలైతే ఆ రాత్రి హనుమకొండలోనే ఉండమనండి. బస్టాండు దగ్గర లాడ్జీలు ఉంటాయి. ఆడపిల్ల, కొత్త ఊరు, రాత్రి ఏదైనా అవసరం వస్తే పది నిమిషాల్లో వెళ్లగలగాలి. బెల్లంపల్లి నుంచి రావాలంటే ఎంతసేపు పడుతుంది?

హంటర్‌రోడ్_వాసి
అంకుల్, మీ ప్రేమ అర్థమవుతుంది. కానీ రాత్రి పూట గేటు దగ్గరికి వచ్చినా లోపలికి పంపరు. ఆయన రాత్రంతా లాడ్జీలో నిద్రపోకుండా తెల్లారి షిఫ్టుకి గనిలోకి దిగడం ఇంకా ప్రమాదం కదా.

కరీంనగర్_నాన్న
గని సంగతి నేను ఆలోచించలేదు. అది నిజమే.

నేను మాత్రం ఆ రాత్రి బస్టాండులోనే కూర్చున్నాను. రాత్రి 11కి ఒకసారి, 2 గంటలకి ఒకసారి ఫోన్ చేశాను. రెండోసారి నిద్రలోంచి లేచి "నాన్నా, పడుకున్నా" అంది. తర్వాత ఇంటికొచ్చాక చెప్పింది, నేను రెండు గంటలకి చేసినప్పుడు రూంలో ముగ్గురూ లేచి కూర్చున్నారట. ఆ సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఫోన్ ఎప్పుడు చేయాలో టైము ముందే అనుకోండి. 9 గంటలకి ఒకసారి, పొద్దున 6కి ఒకసారి. మధ్యలో చేస్తే ఏదో జరిగింది అని అర్థం, అట్లా మాట్లాడుకుంటే ఇద్దరికీ నిమ్మళంగా ఉంటుంది.

నర్సంపేట_నర్సక్క
మాస్టారు కాగితాలు చెప్పారు, నేను మందుల డబ్బా చెప్తాను. రోజూ వేసుకునే గోళీలు ఉంటే చీటీతో సహా. జ్వరం గోళీలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, బ్యాండేజీ. నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకో, కొత్తచోట టెన్షన్‌కి ముందే వస్తుంది, నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎందరినో చూశాను. ఈ కాలంలో దోమల క్రీము తప్పనిసరి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, పొద్దుగూకే ముందు. కాబట్టి పడుకునేటప్పుడే కాదు, సాయంత్రం గ్రౌండులో కూర్చోబెట్టినప్పుడు కూడా రాసుకోవాలి.

ఏమైనా ఆరోగ్య సమస్య ఉంటే, ఆస్తమా, ఫిట్స్, షుగరు ఏదైనా సరే, వార్డెన్‌కి ముందే చెప్పాలి. షుగరుకి ఇన్సులిన్ తీసుకునే పిల్లలు ఉంటే, వాడుతున్న సీసాని ఎండకి, వేడికి పెట్టకుండా మామూలు గదిలోనే ఉంచుకోవచ్చు, ఫ్రీజర్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

బెల్లంపల్లి_చిలుక
అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారు చెప్పిన ఆదాయం సర్టిఫికెట్‌కి ఇవాళే మీసేవకి వెళ్లొచ్చాను. తాళం కొన్నాను. ఫోన్ టైములు బాపుకి చెప్తే ఒప్పుకున్నాడు.

నర్సక్క చివర రాసింది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. పొద్దుటి నుంచి రాసి చెరిపేస్తున్నాను. నాకు కుడి చెవి వినపడదు, ఎడమ చెవికి మిషన్ పెట్టుకుంటాను. మిషన్ ఉంటే ఎదురుగా మాట్లాడేవాళ్ల మాటలు బాగానే అర్థమవుతాయి, పెదాలు కూడా చూస్తాను. రాత్రి తీసేసి పడుకుంటాను, అప్పుడు ఏమీ వినపడదు. ఇంట్లో అమ్మ వచ్చి భుజం తట్టి లేపుతుంది. హాస్టల్‌లో ఎవరైనా తలుపు కొడితే? పొద్దున అందర్నీ లేపి నన్ను మర్చిపోతే? రాత్రి ఏదైనా జరిగి అందరూ పరిగెత్తితే?

స్కూల్లో మిషన్ చూసి ఒక పేరు పెట్టి పిలిచేవాళ్లు, ఆ పేరు ఇక్కడ రాయను. కొత్త కాలేజీలో ఎవరికీ తెలియకుండా జుట్టు వదులుకుని వెళ్దామనుకున్నాను. సంచిలో ఏం పెట్టుకోవాలని అడిగాను కానీ నాకు నిద్ర పట్టనిది దీని గురించే.

జమ్మికుంట_పత్తి
చెల్లె, రూం తలుపు తీయగానే చెప్పేసెయ్. అందరికీ ఒకేసారి. దాచేకొద్దీ భయం పెరుగుతుంది.

హంటర్‌రోడ్_వాసి
అందరికీ ఎందుకు చెప్పాలి? తెలియాల్సింది ఇద్దరికి. పక్క మంచం అమ్మాయికి, వార్డెన్‌కి. మిగతావాళ్లకి తనకి ఇష్టమైనప్పుడు చెప్తుంది.

పరకాల_పావురం
ఇక్కడ నేను రాసి రెండేళ్లయింది, ఈ అమ్మాయి పోస్టు చూసి లాగిన్ అయ్యాను. నాకు రెండు చెవులకీ మిషన్లు. ఏడో తరగతి నుంచి.

నా మొదటి హాస్టల్ రాత్రి నేనూ ఎవరికీ చెప్పలేదు. అది డిగ్రీ మొదటి ఏడాది, రూంలో ఇద్దరమే. పొద్దున ఐదింటికి రూమ్మేట్ స్నానానికి వెళ్లింది. తను బయటికెళ్లిన చప్పుడు నాకు తెలియదు కదా, నేను మధ్యలో లేచి, తలుపు తీసి ఉందని గడియ పెట్టి మళ్లీ పడుకున్నాను. తను తడి జుట్టుతో, తువ్వాలు చుట్టుకుని వరండాలో అరగంట నిలబడి తలుపు బాదింది. పక్క రూముల వాళ్లు వచ్చారు, వార్డెన్ వచ్చింది, ఎవరో నాకేదో అయిందని ఏడుపు మొదలుపెట్టారట. చివరికి కిటికీ సందులోంచి చీపురు దూర్చి నా కాలు పొడిచారు. కళ్లు తెరిచి చూస్తే కిటికీ నిండా మొహాలు.

ఆ రోజు నాకు తెలిసింది ఏమిటంటే, చెప్పకపోతే దాగదు, వేరేవాళ్లు భయపడి కనుక్కుంటారు. ముందు రోజు సాయంత్రం నేనే రెండు మాటలు చెప్పి ఉంటే ఆ పిల్ల చలిలో నిలబడేది కాదు. ఆమె ఇప్పటికీ నా స్నేహితురాలే, నా పెళ్లిలో నా పక్కన నిలబడింది.

ఇప్పుడు పని గురించి. పక్క మంచం అమ్మాయికి ఇట్లా చెప్పు: "రాత్రి నేను చెవి మిషన్ తీసేస్తాను, పిలిస్తే వినపడదు, లేపాలంటే భుజం తట్టు." అంతే, ఇంకేమీ వివరించక్కర్లేదు. గడియ పెట్టే పని నువ్వు చేయకు, వాళ్లకి వదిలెయ్. తలుపు కనపడేటట్టు ఉండే మంచం అడుగు. ఫోన్‌లో అలారం వైబ్రేషన్‌లో పెట్టి గలీబు లోపల పెట్టుకో. చేతికి పెట్టుకునే బ్యాండు ఉంటే ఇంకా మంచిది, మణికట్టు మీద కదులుతుంది.

బ్యాటరీలు ఎక్స్‌ట్రా పెట్టుకో, ఒక అట్ట మొత్తం. బ్యాటరీ మీది స్టిక్కర్ పీకితే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, మళ్లీ అంటించినా ఆగదు, కాబట్టి ముందే పీకి పెట్టకు. వానాకాలం కదా, మిషన్‌కి తడే శత్రువు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా గింజలు వేసిన డబ్బాలో పెట్టు. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే ఆ చిన్న ప్యాకెట్లే. డబ్బా మీద నీ పేరు రాయి. బాత్రూంకి తీసుకెళ్లకు, అక్కడ అరుగు మీద పెట్టి మర్చిపోయి నేను ఒకటి పోగొట్టుకున్నాను.

జుట్టు ముడి వేసుకుంటావా, వదులుకుంటావా అనేది నీ ఇష్టం. నేను మూడో ఏడాది దాకా వదులుకునే ఉన్నాను. ఎవరూ నిన్ను తొందరపెట్టకూడదు.

ములుగు_మాస్టారు
బిడ్డా, ఇంకో మాట. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నీకు తగిన ఏర్పాట్లు చేయడం విద్యాసంస్థ బాధ్యత. ముందు వరుసలో సీటు అడగడం, స్లైడ్లు కాగితం మీద అడగడం నీ హక్కు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ ఉంటే దాని జిరాక్సు కూడా ఆ ఫోల్డరులో పెట్టు. వినికిడి సమస్య ఉన్న ఇద్దరు పిల్లలు నా దగ్గర చదివారు. నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నానని వాళ్లు చెప్పేదాకా నాకు తట్టలేదు. చెప్పాక మార్చుకున్నాను. చాలామంది టీచర్లకి చెడ్డ మనసు ఉండదు, తెలియదు అంతే.

నర్సంపేట_నర్సక్క
అలారం మోగితే, మంటలు లేచినా, కరెంటు షార్టయినా ఎవరు లేపాలి అన్నది వార్డెన్ దగ్గర పేరుతో సహా ఉండాలి. అందుకే వార్డెన్‌కి చెప్పడం తప్పదు. కాగితం మీద రాసి ఇవ్వు, మాటగా చెబితే ఆ హడావిడిలో మర్చిపోతారు. రూం నంబరు, నీ పేరు, "రాత్రి వినపడదు, తట్టి లేపాలి", ఇంటి నంబరు. నాలుగు లైన్లు.

కరీంనగర్_నాన్న
మీ బాపు ఆ రాత్రి ఉండాలా వద్దా అన్నదాని మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం 5 లోపే వార్డెన్‌ని, పక్క మంచం అమ్మాయి తల్లిదండ్రులని ఆయన కలిసి మాట్లాడితే చాలు. వాళ్ల నంబరు తీసుకోమనండి. మా బిడ్డ రూమ్మేట్ వాళ్ల నాన్నకి నేను ఇప్పటికీ పండగలకి ఫోన్ చేస్తాను.

రేకుపెట్టె_88
1988లో రేకుపెట్టె, బొంత, ఒక ఇత్తడి చెంబుతో కాజీపేటలో దిగినవాణ్ణి. అప్పుడు ఇప్పటి వరంగల్ నిట్ పేరు ఆర్‌ఈసీ, రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ. మాలో సగం మంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. జగిత్యాల పక్క పల్లెలో తెలుగు మీడియం చదివిన నాకు, మొదటి రాత్రి రూంలో ఒక బెంగాలీ, ఒక మలయాళీ. ముగ్గురికీ కలిపి సరిగ్గా వచ్చిన భాష ఒక్కటీ లేదు. మా అవ్వ కట్టిచ్చిన సర్వపిండిని చేత్తో చూపించి, నోటికి చూపించి తినమన్నాను. చేతులతో, మొహాలతో మాట్లాడుకునే ఆ వారం గడిపాం. అమ్మా, పెదాలు చూసి మాట అర్థం చేసుకునే నువ్వు, ఆ రోజు మా ముగ్గురికంటే ఎంతో ముందున్నట్టు.

ఇంగ్లీషు గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తాను. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అడుగుతారు. పేరు, ఊరు, ఏ బ్రాంచి, నీకు ఇష్టమైన ఒక పని. నాలుగు వాక్యాలు అద్దం ముందు పదిసార్లు చెప్పుకో.

సిరిసిల్ల_మగ్గం
సీనియర్లు రాత్రి రూముల్లోకి వచ్చి ఇంట్రడక్షన్ అడుగుతారా? మా ఊరి అన్న ఒకాయన భయపెట్టాడు.

హంటర్‌రోడ్_వాసి
ఓరియెంటేషన్ రాత్రి సీనియర్లని కొత్తవాళ్ల బ్లాకులోకి రానివ్వకూడదు. ఎవరైనా వచ్చి బలవంతం చేస్తే వార్డెన్‌కి చెప్పు. లేదంటే 1800 180 5522, ఇది జాతీయ యాంటీ ర్యాగింగ్ నంబరు, 24 గంటలూ పనిచేస్తుంది. మన దగ్గర ర్యాగింగ్‌ని నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. నంబరు ఫోన్‌లోనే కాదు, చిన్న చీటీ మీద కూడా రాసి పెట్టుకో, చార్జింగ్ అయిపోతుంది. నేనూ సీనియర్నే, మా జూనియర్లకి మొదటి రోజు ఈ నంబరే ఇస్తాను.

పరకాల_పావురం
ఇంకొకటి, ఇద్దరికీ. వెళ్లాక మనసు బాగోలేకపోయినా, ఏడుపు ఆగకపోయినా టెలిమానస్ 14416కి చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

కాజీపేట_ప్లాట్‌ఫాం
చిలుక చెల్లె, రైల్లో అనౌన్స్‌మెంట్ మీద ఆధారపడకు. స్టేషన్ బోర్డులు చూస్తూ రా. జమ్మికుంట తర్వాత హసన్‌పర్తి రోడ్డు బోర్డు కనిపించిందంటే తర్వాతి పెద్ద స్టేషన్ కాజీపేటే. కిటికీ పక్క సీటు తీసుకో.

జమ్మికుంట_పత్తి
నేను "అందరికీ చెప్పు" అన్నది తొందరపడి అన్నాను. పావురం అక్క చెప్పినట్టే చెయ్యి.

బెల్లంపల్లి_చిలుక
రాత్రి అమ్మకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. చీపురుతో కాలు పొడిచిన దగ్గర అమ్మ నవ్వి, తర్వాత ఏడ్చింది. నర్సక్క చెప్పిన నాలుగు లైన్లు బాపు తన చేతి రాతతో రాశాడు, రెండు కాపీలు. రేపు పొద్దున బండి.

పరకాల_పావురం
సిలికా డబ్బా?

బెల్లంపల్లి_చిలుక
పెట్టుకున్నా అక్కా. బాపు టిఫిన్ డబ్బాల్లో చిన్నది. మూత మీద పేరు రాశాను.

కరీంనగర్_నాన్న
క్షేమంగా వెళ్లిరా బిడ్డా. వచ్చాక తప్పకుండా రాయి.

బెల్లంపల్లి_చిలుక
ఇంటికొచ్చేశాను. నిన్నంతా పడుకునే ఉన్నాను, అందుకే ఆలస్యం.

సర్టిఫికెట్ల దగ్గర రెండున్నర గంటలు పట్టింది. ఒరిజినల్స్ చూసి వెనక్కి ఇచ్చారు, టీసీ ఉంచుకున్నారు, రసీదు అడిగితే ఇచ్చారు. ఫోటోలు ఆరు అడిగారు. యాంటీ ర్యాగింగ్ ప్రింటు లేనివాళ్లందర్నీ పక్క లైనులో నిలబెట్టారు, అది పెద్ద లైను. ఫోల్డరు బాపుతో పంపేశాను. బాపు వార్డెన్ మేడమ్‌కి కాగితం ఇస్తే ఆమె తన రిజిస్టరులో అంటించుకుంది.

మా రూంలో ముగ్గురం. పక్క మంచం అమ్మాయిది కొత్తగూడెం, వాళ్ల నాన్న కూడా సింగరేణే. బాపు, వాళ్ల నాన్న ఏ గని, ఏ షిఫ్టు అని మాట్లాడుకుంటూ 5 దాటినా కదల్లేదు, వాచ్‌మన్ వచ్చి పంపించాడు. వాళ్లు వెళ్లాక నేను పావురం అక్క చెప్పిన మాటలే చెప్పాను. ఆమె "సరే, ఏ భుజం?" అని అడిగింది. అంతే. ఇంకేమీ అడగలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. చీకట్లో నాకు పెదాలు కనపడవు కాబట్టి మాటలు అర్థం కావు, దీని గురించి నేను ముందు ఆలోచించనే లేదు. కొత్తగూడెం అమ్మాయి ఫోన్ లైటు తన మొహం మీద వేసుకుని మాట్లాడింది. మూడో అమ్మాయి కూడా లైటు తీసి మొహం మీద వేసుకుంది. అట్లా కరెంటు వచ్చేదాకా, అరగంట పైనే, సర్వపిండి తింటూ మాట్లాడుకున్నాం. సర్వపిండి అప్పుడే అయిపోయింది. పొద్దున ఐదున్నరకి భుజం తట్టింది, నీళ్లు ఏడింటి దాకే వస్తాయట.

సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో మూడో వాక్యం మర్చిపోయాను, నాలుగోది చెప్పి కూర్చున్నాను. ముందు వరుస అడిగాను, ఇచ్చారు. ఒక సారు మైకు నోటికి అడ్డంగా పెట్టుకుని మాట్లాడుతుంటే చెయ్యెత్తి చెప్పాను. మైకు కిందికి దించారు. మొదటి రోజు జుట్టు వదులుకునే ఉన్నాను, రెండో రోజు ఉక్కపోతకి ముడి వేసుకున్నాను.

పరకాల_పావురం
ఏ భుజం అని అడిగిందా! ఆ పిల్లని వదులుకోకు.

కరీంనగర్_నాన్న
చదివి మా బిడ్డకి కూడా పంపించాను.

రేకుపెట్టె_88
సర్వపిండి ఇంకా పనిచేస్తోందన్నమాట. చాలా సంతోషం అమ్మా.

సిరిసిల్ల_మగ్గం
అక్కా, నాది ఎల్లుండి. మంచం దగ్గర ప్లగ్గు ఉంటుందా? ఇంకా ఏమైనా నువ్వు తీసుకెళ్లనివి అక్కడ అవసరమయ్యాయా?

బెల్లంపల్లి_చిలుక
రూంకి ఒకటే ప్లగ్గు తమ్మీ, తలుపు పక్కన ఉంది. ముగ్గురికీ సరిపోలేదు. మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లు, అందరికీ పనికొస్తుంది. అబ్బాయిల బ్లాకు ఎట్లా ఉందో చూడలేదు. బాత్రూంలో బట్టలు తగిలించుకోవడానికి మేకు లేదు, రెండు గజాల తాడు పెట్టుకో. తినే ప్లేటు, గ్లాసు వాళ్లే ఇస్తారు, నీళ్ల సీసా నీదే కావాలి. వర్క్‌షాపు చూపించడానికి తీసుకెళ్తారు, షూస్ లేకపోతే లోపలికి రానివ్వలేదు, నాతో వచ్చినవాళ్లలో పదిమంది బయటే నిలబడ్డారు. చెప్పులు కాకుండా షూస్ వేసుకెళ్లు. టార్చి లైటు ఒకటి తప్పకుండా.